పదమూడు చుక్కలు, ఏడు వచ్చేదాకా

మా అక్క పదో తరగతి లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పింది. మొదటిసారి 19 మార్కులు, రెండోసారి 27. మూడోసారి ఫీజు కట్టడానికి నాన్నగారు సిద్ధంగానే ఉన్నారు గానీ అక్కే వద్దంది. "నాకు లెక్కలు రావు నాన్నగారూ, వదిలెయ్యండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేనేమో ముప్పై ఏళ్ల పైచిలుకు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి ఈమధ్యే రిటైరయ్యాను. అయినా సమీకరణానికి అందం ఉంటుందని నాకు మొదట చూపించింది మాత్రం అక్కే. అది కూడా పొద్దున్నే నాలుగున్నరకి, వాకిట్లో, లాంతరు వెలుగులో.

1981 ధనుర్మాసం. నేను తొమ్మిదో తరగతి. మా ఊరు రామచంద్రపురానికి దగ్గర్లో, కాలవ పక్కనే. నెల పట్టారంటే చాలు, అక్కకి నిద్ర ఉండేది కాదు. చీకటితోనే లేచి వాకిలి ఊడ్చి, పేడ కల్లాపి జల్లి, అది కాస్త ఆరేదాకా చలికి చేతులు రుద్దుకుంటూ అరుగు మీద కూర్చునేది. లాంతరు పట్టుకోవడం నా డ్యూటీ. వీధి దీపం ఉండేది గానీ అది మాకు మూడిళ్ల అవతల. లాంతరు అక్క చెయ్యి నీడ ముగ్గు మీద పడకుండా పట్టుకోవాలి. అదొక విద్య. కునికిపాటు వచ్చి లాంతరు వంగిందంటే "ఒరే, కళ్లు తెరు" అని కేకేసేది.

ముగ్గు పిండి కొబ్బరి చిప్పలో ఉండేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు తీసుకుని, నేలకి తగలకుండా జానెడు ఎత్తు నుంచి వదిలితే చుక్క సరిగ్గా శనగ్గింజంత పడేది. స్కేలు లేదు, దారం లేదు. వరసలు మాత్రం గీత గీసినట్టు వచ్చేవి.

ముగ్గుల గొడవ తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. చుక్కల ముగ్గుల్లో ఎదురు చుక్క, సందు చుక్క అని రెండు రకాలు. ఎదురు చుక్క అంటే పై వరస చుక్కకి ఎదురుగా కింది వరస చుక్క పడుతుంది. సందు చుక్క అంటే పై వరసలో రెండు చుక్కల మధ్య సందులో కింది వరస చుక్క పడుతుంది. "పదమూడు చుక్కలు, ఏడు వచ్చేదాకా, సందు చుక్క" అంటే మధ్య వరసలో పదమూడు పెట్టి, దానికి పైనా కిందా పన్నెండు, ఆ తర్వాత పదకొండు, అలా రెండువైపులా ఏడు దాకా తగ్గించుకుంటూ పోవాలి. అన్నీ పెట్టాక దూరంగా నిలబడి చూస్తే ఆరు పలకల ఆకారం వస్తుంది. అక్క నోటుబుక్కులో దీన్ని "13–7 సం" అని రాసుకునేది. అంతే. పక్కన బొమ్మ కూడా ఉండేది కాదు. ఆ బుక్కు నాకిచ్చి చూడమంటే టెలిఫోను నంబర్లేమో అనుకునేవాణ్ణి.

ఆ ఏడాది ముగ్గు అమ్మేవాడు రెండు వారాలు రాలేదు. సైకిలు మీద బస్తా వేసుకుని "ముగ్గోయ్ ముగ్గు" అని తిరిగే మనిషి. అతనికి జ్వరమని ఎవరో చెప్పారు. ఇంట్లో పిండి అడుగంటింది. రేపటి ముగ్గుకి సరిపోతుందో లేదో తేలాలంటే ముందు ఎన్ని చుక్కలో తెలియాలి కదా. "లెక్కల్లో ఫస్టు కదరా నువ్వు, చెప్పు" అంది అక్క.

నేను వేళ్లు మడవడం మొదలెట్టాను. ఏడూ ఎనిమిదీ పదిహేను, తొమ్మిది కలిపితే ఇరవై నాలుగు, పది కలిపితే ముప్పై నాలుగు... పన్నెండు దాకా యాభై ఏడు. అటూ ఇటూ కాబట్టి దానికి రెట్టింపు, నూట పద్నాలుగు. నడిమి వరస పదమూడు...

"నూట ఇరవై ఏడు" అంది అక్క. నేనింకా కూడుతూనే ఉన్నాను.

"ఎలా చెప్పావే?"

"ఏముంది? నడిమి చుక్క ఒకటి. చుట్టూ ఆరు రేకులు. రేకుకి ఇరవై ఒకటి."

అని తడి నేల మీద వేలితో గీసి చూపించింది. మధ్య చుక్క పక్కనుంచి రేకు మొదలవుతుంది. మొదట ఒక చుక్క, దాని వెనక రెండు, ఆ వెనక మూడు, అలా ఆరు దాకా. ఒకటి నుంచి ఆరు దాకా కూడితే ఇరవై ఒకటి. అలాంటివి ఆరంటే నూట ఇరవై ఆరు. నడిమి చుక్కతో నూట ఇరవై ఏడు.

నాకు కొంచెం ఉక్రోషం వచ్చిన మాట నిజం. నేను చేసిందీ తప్పు కాదు, నాకూ అదే జవాబు వచ్చింది. కానీ నేను ముగ్గుని కిరాణా చీటీలాగా పైనుంచి కిందికి కూడుకుంటూ వచ్చాను. అక్క పువ్వుని చూసింది.

మర్నాడు బళ్లో లెక్కల మాస్టారికి ఈ సంగతి చెప్పాను, అక్క పేరు దాచి, నేనే కనిపెట్టినట్టుగా. ఆయన నా మొహం చూసి "మీ అక్కదా?" అన్నారు. ఎలా పట్టేశారో ఇప్పటికీ నాకు అర్థం కాదు. బహుశా అంతకు ముందు నా బుర్రలో పువ్వుల్లాంటివేమీ పూసిన దాఖలాలు లేకపోవడం వల్ల కావచ్చు. ఆయన బోర్డు మీద ఇలా రాశారు.

3 × 7 × 6 + 1 = 127

"ఆరు రేకులూ కలిపితే మూడు ఏడులకి ఆరింతలు, సరేనా? ఇప్పుడీ ఒకటి చూడు. పుస్తకంలో అయితే చివర్న ప్లస్ వన్ అని తోకలా వేలాడుతుంది. మీ అక్క దాన్ని తీసుకెళ్లి మధ్యలో కూర్చోబెట్టింది."

ఈ మాట నా బుర్రలో చాలా ఏళ్లు తిరిగింది. సూత్రం కంఠతా పట్టేవాడు మొట్టమొదట మర్చిపోయేది ఆ చివరి ఒకటినే. ముగ్గు వేసేవాళ్లు మొట్టమొదట పెట్టేది ఆ చుక్కే.

మాస్టారు అక్కడితో వదల్లేదు. చిన్న ముగ్గులకి కూడా చుక్కలు లెక్కపెట్టుకు రమ్మన్నారు. మూడు చుక్కలు రెండు వచ్చేదాకా: 7. ఐదు చుక్కలు మూడు వచ్చేదాకా: 19. ఏడు-నాలుగు: 37. తొమ్మిది-ఐదు: 61. పదకొండు-ఆరు: 91. మనది 127. అన్నిటికంటే చిన్నది ఒంటి చుక్క, అదీ ఒక ముగ్గే అనుకోమన్నారు.

"ఇప్పుడు ఒక్కొక్కటే కలుపుకుంటూ పో."

1. ఏడు కలిపితే 8. పందొమ్మిది కలిపితే 27. ముప్పై ఏడు కలిపితే 64. నా చెయ్యి ఆగిపోయింది. 125. 216. 343.

ఇవి నాకు తెలిసిన అంకెలే. 2×2×2, 3×3×3, 4×4×4... ఘనాల పట్టిక కంఠతా రాకపోతే ఆయనే బెంచీ ఎక్కించేవారు. కానీ ముగ్గుకీ ఘనానికీ ఏమిటి సంబంధం? ఒకటి వాకిట్లో నేల మీద పరుచుకుని ఉండేది. రెండోది పెట్టెలాగా మూడు వైపులా లేచి ఉండేది. ముగ్గుల్ని ఒకదాని తర్వాత ఒకటి కూడితే పెట్టె ఎందుకవుతుంది?

"ఎందుకండీ?" అన్నాను.

"అదే నేనూ అడుగుతున్నాను" అని డస్టరు తీసుకుని వెళ్లిపోయారు.

సంక్రాంతి దాకా నాకు తెలియలేదు. రాత్రిళ్లు పడుకుంటే ఈ అంకెలే. బీజగణితంతో నిరూపించడం వచ్చింది. ఏడు ఘనంలోంచి ఆరు ఘనం తీసేస్తే 343లోంచి 216 పోయి 127. ఏ అంకెకైనా అంతే అని అక్షరాలు పెట్టి నాలుగు లైన్లలో చూపించాను. మాస్టారు టిక్కు పెట్టి "నిజమని తేల్చావు. ఎందుకో చెప్పలేదు" అన్నారు. ఆ తేడా ఏమిటో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు పాఠం చెప్పమంటే దాని మీదే గంట చెప్తాను. ఒళ్లు మండినా సరే, ఆ మాస్టారి రుణం ఇంతా అంతా కాదు.

పండక్కి మద్రాసు నుంచి మావయ్య వాళ్లొచ్చారు. బావ చేతిలో రంగుల డబ్బా ఒకటి. రూబిక్ క్యూబ్. అప్పట్లో లోకమంతా దానికి పిచ్చెక్కి ఉంది, మా ఊళ్లో మాత్రం అదే మొదటిది. వరసకి మూడు చొప్పున మూడు వైపులా చిన్న చిన్న ఘనాలు, మొత్తం 27 అన్నమాట. (లోపల నడిమి ముక్క నిజానికి ఉండదు, ఇరుసు ఉంటుంది. లెక్కకి ఉందనుకోండి.) మగపిల్లలం దాని చుట్టూ మూగి తిప్పుతూనే ఉన్నాం. ఒక్కడికీ రాలేదు.

భోజనాలయ్యాక అక్క దాన్ని చేతిలోకి తీసుకుంది. తిప్పలేదు. మూల తన వైపు వచ్చేలా పట్టుకుని ఒక కన్ను మూసి చూసింది.

"ఒరే తమ్ముడూ, ఇది ఐదు-మూడు సందు చుక్కే కదరా."

లాక్కుని చూశాను. మూల మొహానికి ఎదురుగా పెట్టుకుంటే మూడు పలకలు కనిపిస్తాయి. అంచులన్నీ కలిసి ఆరు పలకల ఆకారం. మధ్యలో మూల ముక్క, అది నడిమి చుక్క. దాని చుట్టూ ఆరు ముక్కలు. ఆ చుట్టూ పన్నెండు. మొత్తం పందొమ్మిది. కంటికి కనబడకుండా వెనకాల దాక్కున్నవి ఎనిమిది, అంటే రెండు ఘనం. దాన్ని మళ్లీ అలాగే మూల నుంచి చూస్తే పైకి కనిపించేవి ఏడు, దాక్కున్నది ఒక్కటి. ఉల్లిపాయ పొరల్లాగా, పెద్ద పెట్టె నుంచి ముగ్గు తర్వాత ముగ్గు ఊడి వచ్చేస్తోంది.

"ఇరవై ఏడులో పందొమ్మిది కనిపిస్తాయి" అన్నాను గట్టిగా.

అక్క పగలబడి నవ్వింది. "అవి నా మార్కులు రా!"

ఇంట్లో అందరూ నవ్వారు. నాన్నగారు కూడా. నేను మాత్రం నవ్వలేకపోయాను, వెన్నులో జలదరింపు ఆగలేదు. మామూలుగా పాటకో పద్యానికో వచ్చే జలదరింపు అది. లెక్కకి రావడం అదే మొదలు.

ఆ తర్వాత అందం అనే మాట లెక్కల పక్కన చాలాచోట్ల విన్నాను. కొన్నిచోట్ల ఒప్పుకున్నాను, కొన్నిచోట్ల లేదు.

పావులూరి మల్లన పేరు మాస్టారే చెప్పారు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. ఆ మహావీరాచార్యులకి హారాల లెక్కలంటే సరదా. 152207ని 73తో గుణిస్తే 11111111. 142857143ని 7తో గుణిస్తే 1000000001, అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా ఒకటే. మెళ్లో వేసుకునే గొలుసులాగా. చక్కగా ఉంటాయి, కాదనను. క్లాసులో పిల్లలు నిద్రపోతుంటే నేనూ బోర్డు మీద వేసేవాణ్ణి, టక్కున లేచేవారు. కానీ అది నగ అందం. పెట్టుకున్నంతసేపే. అక్క ముగ్గులో ఉన్నది వేరు. అది ఒళ్లు బాగుండి మొహానికి వచ్చిన కళ.

డిగ్రీలో చేరాక ఇంకో అందగత్తెని పరిచయం చేశారు. ఈ టు ది పవర్ ఆఫ్ ఐ పై, ప్లస్ వన్, ఈక్వల్స్ టు జీరో. ఆయిలర్ అనే గణితవేత్త పేరు మీద చెప్పుకుంటారు. 1748లో అచ్చయిన ఆయన పుస్తకంలోని సూత్రంలోంచి నేరుగా వచ్చేస్తుంది. "ప్రపంచంలో అత్యంత సుందరమైన సమీకరణం ఇదే" అని లెక్చరర్ గారు చెప్పి, పక్క అధ్యాయంలోకి వెళ్లిపోయారు. మేం ఎర్ర ఇంకుతో కింద గీత గీసుకున్నాం. సున్నా, ఒకటి, పై (π), ఈ (e), ఐ (i), ఐదుగురు పెద్దమనుషులు ఒకేచోట కలిశారు, అదీ గొప్ప అన్నారు. నాకేమీ అనిపించలేదు. పెళ్లిలో మంత్రిగారూ కలెక్టరుగారూ పక్కపక్కన నిలబడి ఫొటో దిగితే, ఆ ఫొటోకి గొప్పతనం ఉండొచ్చు. వాళ్లకీ పెళ్లికూతురికీ ఏమవుతుందో తెలియకపోతే మనకేంటి?

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు అనుకుంటా. ఇంటర్ సెకండియర్ క్లాసు. సంకీర్ణ సంఖ్యలు, డిమూవర్ సిద్ధాంతం, సిస్ తీటా. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "సార్, ఐ అంటే మైనస్ వన్‌కి వర్గమూలం అన్నారు కదా. అలాంటి అంకె లేదని టెన్త్‌లో చెప్పారు. లేనిదాంతో లెక్కలెలా చేస్తాం సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాను. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను సిగ్గుపడే మాటల్లో అదొకటి.

ఆగస్టు నెల. స్టాఫ్ రూములో కూర్చుంటే గ్రౌండులో పంద్రాగస్టు పరేడ్ ప్రాక్టీసు వినిపిస్తోంది. "లెఫ్ట్ టర్న్!" బూట్ల చప్పుడు. మళ్లీ "లెఫ్ట్ టర్న్!" ఇంకో చప్పుడు. తూర్పుకి తిరిగి ఉన్నవాళ్లు రెండు లెఫ్ట్ టర్నులకి పడమరకి తిరిగారు. అబౌట్ టర్న్ కొట్టినా అక్కడికే వస్తారు. మైనస్ వన్‌తో గుణించడమంటే అబౌట్ టర్న్, 5 ఉన్నవాడు మైనస్ 5 వైపు తిరుగుతాడు. మరి రెండుసార్లు చేస్తే అబౌట్ టర్న్ అయ్యే పని ఏది? లెఫ్ట్ టర్న్. అదీ ఐ. లేనిది కాదు. తూర్పు పడమర గీత మీద వెతికితే కనపడదు, ఎందుకంటే అది ఉత్తరాన ఉంది. ఇది కొత్త సంగతేం కాదు, పెద్ద పుస్తకాల్లో ఎప్పుడో రాసి ఉంది. కానీ నాకు ఆ డ్రిల్లు మాస్టారు విజిలు వేసేదాకా ఎక్కలేదు.

ఇక ఈ. రూపాయి అప్పిచ్చి ఏడాదికి నూటికి నూరు వడ్డీ అన్నావనుకో. ఏడాది చివర్న ఒకేసారి కడితే రెండు రూపాయలు. ఆర్నెల్లకోసారి వడ్డీకి వడ్డీ వేస్తే 2.25. నెలనెలా వేస్తే 2.61. రోజూ వేస్తే 2.71. క్షణక్షణం వేసినా ఏ వడ్డీ వ్యాపారీ 2.71828... దాటించలేడు. ఆ అంకే ఈ. ఉన్న అసలుని బట్టి ఎప్పటికప్పుడు పెరగడం దాని స్వభావం.

ఇప్పుడు ఆ రెండింటినీ కలిపి చూడండి. వడ్డీ క్షణక్షణం వేస్తున్నాం, కానీ అసలు ఉన్న దిక్కులో కాదు, దానికి ఎడమ పక్కకి. అప్పుడేమవుతుంది? వడ్డీ పక్కకి పడుతుంటే అసలు పెరగదు. తిరుగుతుంది. గానుగెద్దు ఎప్పుడూ ముందుకే లాగుతుంది, కాడి పట్టి ఉంచడం వల్ల నడిమి రోలుకి దగ్గరా కాదు, దూరమూ కాదు, గుండ్రంగా నడుస్తుంది. ఒక గజం కాడి, గడియకి ఒక గజం నడక అనుకుంటే పై గడియలు, అంటే మూడు గడియల పైచిలుకు నడిస్తే సరిగ్గా సగం చుట్టు. బయల్దేరిన చోటికి ఎదురుగా ఉంటుంది. ప్లస్ వన్ దగ్గర బయల్దేరింది మైనస్ వన్ దగ్గరికి వచ్చింది. దానికి ఒకటి కలిపితే సున్నా.

అంతే. పెద్దమనుషుల ఫొటో కాస్తా కుటుంబం ఫొటో అయింది. ఎవరికి ఎవరేమవుతారో తెలిసింది. మర్నాడు క్లాసుకెళ్లి ఆ కుర్రాణ్ణి లేపి, వాణ్ణే తూర్పుకి తిప్పి నిలబెట్టి, రెండు లెఫ్ట్ టర్నులు కొట్టించాను. క్లాసంతా గోల. వాడు పడమరకి తిరిగి నిలబడి కాసేపు ఆలోచించి, "అయితే ఐ అంటే ఎడమ పక్కన్నమాట సార్" అన్నాడు. పరీక్షలో అలా రాస్తే సున్నా వేస్తారు. నేనైతే వందకి వంద వేస్తాను.

ఒకే సంగతి రాసే తీరుని బట్టి అందం పోవడమూ ఉంది, రావడమూ ఉంది. భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1865లో విద్యుత్తు, అయస్కాంతం, వెలుతురు అన్నిటినీ ఒక తాటి మీదికి తెచ్చినప్పుడు ఆయన రాసినవి 20 సమీకరణాలు. ఇవాళ టీషర్టుల మీద వేసుకునే నాలుగు వరసలు 1880ల్లో హెవిసైడ్ అనే ఇంగ్లీషాయన తిరగరాసినవి. ప్రకృతి మారలేదు, వెలుతురు వేగమూ మారలేదు. ఏడూ ఎనిమిదీ పదిహేను అని నేను కూడుతుంటే ఆరు రేకులూ ఒక చుక్కా అని అక్క చెప్పడంలాంటిదే అది. మా ఫిజిక్సు లెక్చరర్ మిత్రుడు ఈ పోలిక ఒప్పుకోడు. మాక్స్‌వెల్‌ని మీ అక్కతో పోలుస్తావా అంటాడు. నేను పోల్చింది హెవిసైడ్‌తో అంటాను.

2014లో ఒక వార్త చదివి రెండు రోజులు మనసు మనసులో లేదు. లండన్‌లో సెమీర్ జెకి అనే మెదడు శాస్త్రవేత్త, మైఖేల్ అటియా అనే పేరున్న గణితవేత్త, మరి ఇద్దరు కలిసి చేసిన పరిశోధన. పదిహేను మంది గణితవేత్తలకి 60 సూత్రాలిచ్చి, ఒక్కోదానికీ మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా అందానికి మార్కులు వేయమన్నారు. ఆ తర్వాత స్కానింగు మిషన్లో పడుకోబెట్టి అవే చూపిస్తూ మెదడుని చూశారు. సూత్రం అందంగా ఉందనిపించినప్పుడు, సంగీతం వింటేనో మంచి బొమ్మ చూస్తేనో ఏ భాగం వెలుగుతుందో అదే వెలిగింది. నుదుటి వెనక, కళ్లకి పైన ఉండే భాగమట. ఇంతవరకూ నాకు చాలా సంతోషం. నా వెన్నులో జలదరింపుకి సాక్ష్యం దొరికినట్టయింది. అందరికంటే అందమైనదిగా వచ్చింది ఆయిలర్ గారిదే. అదీ సరే.

అన్నిటికంటే వికారమైనదిగా వచ్చింది రామానుజన్ గారిది.

పై (π) విలువ కోసం ఆయన 1914లో ప్రచురించిన అనంత శ్రేణి, అంటే అంతులేని కూడిక. కోపం వచ్చింది, దాచడమెందుకు. కానీ తీరా ఆ సూత్రాన్ని కాగితం మీద రాసుకుని చూస్తే, నిజం చెప్పొద్దూ, నాకూ అందంగా కనిపించలేదు. 9801, 1103, 26390, 396. కిరాణా కొట్టు బాకీల్లాగా ఉన్నాయి. ఈ అంకెలే ఎందుకు? 1103 ఎక్కడి నుంచి ఊడిపడింది?

ఫోను తీసి క్యాలిక్యులేటర్లో మొదటి పదం ఒక్కటే వేశాను. 9801ని 2తో భాగించి, 2 వర్గమూలంతో భాగించి, 1103తో భాగించాలి. వచ్చింది 3.14159273. అసలు పై 3.14159265. ఒక్క పదానికి ఆరు దశాంశాలు సరిపోయాయి! ఆ తర్వాత ఒక్కో పదానికీ ఇంకో ఎనిమిది అంకెలు కుదురుతాయి. 1985లో గోస్పర్ అనే అమెరికన్ ఈ సూత్రాన్నే కంప్యూటరుకిచ్చి పై విలువలో కోటీ డెబ్భై లక్షల అంకెలు రాబట్టాడు. ఆ ఫోను పట్టుకుని వరండాలో ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

అప్పుడు అక్క నోటుబుక్కు గుర్తొచ్చింది. "13–7 సం". "21–11 సం". ఆ పేజీని ఆ పదిహేను మందికీ చూపించి అందానికి మార్కులెయ్యమంటే ఎన్ని వేస్తారు? మైనస్ ఐదే కదా. వాకిట్లో వేసి చూసినవాడికి కదా తెలిసేది. రామానుజన్ గారి సూత్రం ఆ నోటుబుక్కులో పేజీ. 9801 అంటే 99 వర్గం, 396 అంటే నాలుగు 99లు. అంటే లోపల ఏదో ముగ్గు ఉంది, అంకెలు దాని చుక్కలు. ఆ ముగ్గు పూర్తిగా చూడాలంటే మాడ్యులర్ ఫంక్షన్లనే పెద్ద వాకిట్లోకి వెళ్లాలి. నేను గేటు దాకా వెళ్లి వచ్చినవాణ్ణి. ఆయన ఆ వాకిట్లోనే పెరిగాడు. వికారమైన గణితానికి లోకంలో శాశ్వతంగా చోటుండదని రాసిన కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీయే, మద్రాసు పోర్ట్ ట్రస్టు గుమాస్తాగా ఉన్న రామానుజన్ గారు 1913లో పంపిన ఉత్తరంలో ఇలాంటి సూత్రాలు చూసి, ఇవి నిజమే అయ్యుండాలి, కాకపోతే వీటిని ఊహించే శక్తి ఎవరికుంటుంది అన్నాడు. హార్డీకి కూడా ముగ్గు కనపడలేదు. చుక్కలు పెట్టిన చెయ్యిని బట్టి నమ్మాడు.

రామానుజన్ గారి పుట్టినరోజు డిసెంబరు 22. ధనుర్మాసంలో, ముగ్గుల నెలలో. పోయిన ఏడు ఆ రోజున ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని 1729తో ఆడుకుంటున్నాను. టాక్సీ నంబరు కథ అందరికీ తెలిసిందే. 12 ఘనానికి 1 ఘనం కలిపినా 1729, 10 ఘనానికి 9 ఘనం కలిపినా 1729, ఇలా రెండు రకాలుగా వచ్చే అంకెల్లో ఇదే అతి చిన్నది. వందసార్లు క్లాసులో చెప్పాను. ఎందుకో ఆ రోజు అటువి ఇటూ ఇటువి అటూ మార్చాను. 12 ఘనంలోంచి 10 ఘనం తీసేస్తే 728. 9 ఘనంలోంచి 1 తీసేసినా 728.

ఘనంలోంచి ఘనం తీసేస్తే ఊడి వచ్చేది ముగ్గే కదా!

కాగితం మీద వేశాను. పన్నెండు నుంచి పదికి రావడానికి రెండు ముగ్గులు ఊడాలి. ఇరవై మూడు చుక్కలు పన్నెండు వచ్చేదాకా, అది 397. ఇరవై ఒక్క చుక్కలు పదకొండు వచ్చేదాకా, అది 331. కలిపితే 728. తొమ్మిది నుంచి ఒకటికి రావడానికి ఎనిమిది ముగ్గులు: 7, 19, 37, 61, 91, 127, 169, 217. కలిపితే 728. అంటే రెండు పెద్ద ముగ్గుల చుక్కలతో ఎనిమిది చిన్న ముగ్గులు వెయ్యొచ్చు, ఒక్క చుక్క మిగలదు, ఒక్క చుక్క తక్కువ పడదు. మా 13–7 కూడా ఆ ఎనిమిదిలోనే ఉంది.

అక్కకి ఫోన్ చేశాను. ఇప్పుడు రాజమండ్రిలో కొడుకు దగ్గరుంటోంది. మూడో అంతస్తు అపార్ట్‌మెంటు, గుమ్మం ముందు రెండు అడుగుల జాగా, దాంట్లో అంటించిన స్టిక్కరు ముగ్గు. మోకాళ్లు వంగవు. అయినా ధనుర్మాసం వస్తే నోటుబుక్కులో పెన్నుతో చుక్కలు పెట్టి ముగ్గు వేస్తుంది, రోజుకొకటి.

సంగతంతా చెప్పాను. ఓపిగ్గా విన్నది. "రెండు పెద్దవి, ఎనిమిది చిన్నవీ సమానమా? పిండి కూడానా?"

"చుక్కలే అక్కా. గీతల సంగతి నాకు తెలీదు."

"ఊఁ. చిన్నవి మళ్లీ చెప్పు."

చెప్పాను. మూడు-రెండు, ఐదు-మూడు, ఏడు-నాలుగు, అలా పదిహేడు-తొమ్మిది దాకా. అవతల పెన్ను చప్పుడు వినిపిస్తోంది. రాసుకుంటోంది కాబోలు.

"మరి ఒంటి చుక్కేదిరా?"

"ఏ ఒంటి చుక్క?"

"అదే, మీ మాస్టారు అదీ ఒక ముగ్గే అన్నారన్నావుగా. అన్నిటికంటే చిన్నది. అది వదిలేసి మూడు-రెండు నుంచి మొదలెట్టావు. దాన్నేం చేశావు?"

నా నోట మాట రాలేదు. పన్నెండు ఘనం పక్కన నిలబడ్డ ఆ ఒకటి. వందసార్లు పాఠం చెప్పిన నేను తోకలా వదిలేసిన ఒకటి.

"అది పెద్ద ముగ్గుల వైపు వెళ్లింది అక్కా" అన్నాను.

"అలా చెప్పు మరి" అంది.

సాయంత్రం మేనల్లుడి ఫోను నుంచి ఒక ఫొటో వచ్చింది. నోటుబుక్కులో ఎదురెదురు పేజీలు. కుడివైపు ఎనిమిది ముగ్గులు ఇరుకిరుగ్గా సర్దింది. ఎడమవైపు రెండు పెద్దవి, వాటికి ఆ పేజీ చాలక పక్కన ఇంకో కాగితం అంటించింది. ఆ అంటించిన కాగితం మూలన ఒకే ఒక్క చుక్క, దాని చుట్టూ చిన్న సున్నా చుట్టి ఉంది.